తోపుడు మలుపు

మా లోయలో చీకటి పడ్డాక ఎవరూ బండి ఆపకూడని చోటు ఒకటుంది… బండి ఆపకుండా ముందుకు పోలేని చోటు కూడా అదే.

దాన్ని తోపుడు మలుపు అంటారు. ఊళ్ళోంచి కొండమీది గొర్రెల దొడ్లకి వెళ్ళే దారి అక్కడిదాకా గులకరాళ్ళ దారి, అక్కణ్ణుంచి ఒట్టి బురద. ఒక పక్క నిట్టనిలువు బండ, ఇంకో పక్క లోయ. రాత్రిపూట అక్కడ బండి ఆపి దిగితే — ముందునుంచి ఎవరో బానెట్ మీద రెండు చేతులూ వేసి నెడతారట. ఇంజన్ ఆపేసిన బండి, గేరులో ఉన్న బండి, దానంతట అదే వెనక్కి… మెల్లగా… లోయలోకి. తెల్లారి చూస్తే బానెట్ మీద బురద చేతుల గుర్తులు!

గుర్రబ్బండ్ల కాలంలో ఆ మలుపుకి ఏ పేరూ లేదు. మా తాతలు అక్కడే గుర్రాలకి నీళ్ళు పెట్టి, నడుం వాల్చి, హాయిగా పోయేవాళ్ళు. నాలుగు చక్రాలూ లాగే ట్రక్కులు కొండెక్కడం మొదలయ్యాకే దెయ్యమూ దిగింది. ఇంత చిన్న సంగతి ఒక్కరైనా ఆలోచించారా? లేదు. ఆలోచించడానికి ఖర్చవుతుంది కాబోలు, సిలువ గుర్తు వేసుకోవడం ఉచితం.

ఈ కథ నాకు ఎవరు చెప్పారని మాత్రం అడగొద్దు. ఎందుకడగొద్దో చివరిదాకా వింటే మీకే తెలుస్తుంది.

ముందు ఆ దెయ్యం ఎవరో పాతకాలపు చెట్లు కొట్టేవాడన్నారు. మూడేళ్ళ కిందట మా ఊళ్ళో ట్రక్కు నడిపే గవ్రిల్ ఆ మలుపులోనే, తన ట్రక్కుకీ బండకీ మధ్య నలిగి చచ్చిపోయాడు. ఇక అంతే. చెట్లు కొట్టేవాడికి విశ్రాంతి ఇచ్చి ఉద్యోగం గవ్రిల్‌కి కట్టబెట్టారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మా ఊళ్ళో చచ్చినవాడి చేతులు బారెడయ్యాయి.

గవ్రిల్ భార్య సవేత. మొగుడు పోయిన నెలకే అదే ట్రక్కు స్టీరింగు పట్టుకుంది. దొడ్ల నుంచి గొర్రెజున్ను కిందికి, ఉప్పూ మొక్కజొన్న పిండీ పైకి. పొడుగు మనిషి, పెద్ద గొంతు. ఊరు ఆమె వెనక ఏమనుకుంటుందో ఆమెకి తెలుసు. పళ్ళు బిగించి ఊరుకుంది. మూడేళ్ళు ఊరుకుంది.

ఆ గురువారం సాయంత్రం జున్ను దించి సారాకొట్టు ముందు బండి ఆపేసరికి, లోపల మాటలు టక్కున ఆగిపోయాయి.

"ఏంటి, నన్ను చూసి నోళ్ళు పడిపోయాయి?" అంది సవేత గుమ్మంలో నిలబడి.

 మూలన దనిలా కట్టు కట్టిన కాలు బెంచీ మీద చాపుకుని కూర్చున్నాడు. పోయిన వారం రాత్రి తోపుడు మలుపులో అతని బండి వెనక్కి జారింది. ఎక్కి ఆపుదామని పరిగెత్తితే తలుపు తగిలి పడ్డాడు, కాలు విరిగింది. అతని పక్కన నికోరా — గవ్రిల్‌కి చిన్నాన్న కొడుకు — గ్లాసులోకి చూస్తున్నాడు. పొయ్యి దగ్గర తోదోసియా అవ్వ. ఊళ్ళో పుట్టినవాళ్ళకి బొడ్డు కోసేదీ ఆవిడే, పోయినవాళ్ళకి స్నానం చేయించేదీ ఆవిడే. అందుకని రెండు లోకాల తాళాలూ తన దగ్గరే ఉన్నాయనుకుంటుంది.

"నువ్వు చెప్పరా నికోరా," అంది అవ్వ.

నికోరా గ్లాసు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"సరే, నేనే చెప్తాను. శనివారం పొద్దు పొడవకముందే గవ్రిల్‌ని తీస్తున్నామే పిల్లా."

"తీస్తున్నారా? ఎక్కణ్ణుంచి?"

"ఎక్కణ్ణుంచేంటి… గోతిలోంచి. వాడు చచ్చీ చావలేదు. దనిలా కాలు చూడు. రేపు ఇంకోడి మెడ విరుగుతుంది. గుండెలో ఇనప చువ్వ దించి, మళ్ళీ చక్కగా పూడ్చేస్తాం. పెద్దలందరూ ఒప్పుకున్నారు. చర్చి ఫాదర్ ఆ పూట పక్క ఊళ్ళో ఉంటాడు. నీ మంచికే, వాడి మంచికే."

సవేతకి అరికాలి మంట నెత్తికెక్కింది.  ఆమె గొంతుకి కొట్టు కిటికీలు అదిరాయి.

"నా మంచికా! బతికుండగా నా మొగుడు మీ బండ్లు తోశాడు, అవును. బురదలో దిగబడితే తోశాడు. వానలో తోశాడు, మంచులో తోశాడు. నీది తోశాడు, నీది తోశాడు — నీ గర్భిణీ కోడల్ని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే ఆ బండిని నడుముల్లోతు వాగులో తోసింది ఎవరే అవ్వా? ఒక్కరోజు గ్లాసుడు సారా అడిగాడా? ఇప్పుడు చచ్చాక లోయలోకి తోస్తున్నాడా? సిగ్గులేదూ?"

"నేను అబద్ధం చెప్పట్లేదక్కా," అన్నాడు దనిలా ఏడుపు గొంతుతో. "ఇంజన్ ఆపాను. ఫస్టు గేరులో వేసే దిగాను. మా అమ్మ మీద ఒట్టు."

"నువ్వు అబద్ధమాడావని నేనన్నానా?"

ఆ మాట ఆమె ఊరికే అనలేదు. దనిలా బండిని మర్నాడు ట్రాక్టరుతో లాగుతున్నప్పుడు సవేత అక్కడే ఉంది, లోపలికి తొంగి చూసింది. పెద్ద గేరు ఫస్టులోనే ఉంది. పక్కనున్న చిన్న గేరు మాత్రం — రెండు చక్రాలకీ నాలుగు చక్రాలకీ మార్చేది — ఇటూ కాకుండా అటూ కాకుండా నడిమధ్య నిలబడి ఉంది. అప్పటినుంచి ఆ చిన్న గేరు ఆమె బుర్రలో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

"నికోరా," అంది. "ఆ రాత్రి నీ అన్నతో ఉన్నది నువ్వే. ఏం చూశావో ఇంకోసారి చెప్పు."

"ఎన్నిసార్లు వదినా…"

"ఇంకోసారి."

"నేను… దిగి బండకేసి తిరిగి ఒంటేలుకి నిలబడ్డాను. గవ్రిల్ ముందు చక్రం దగ్గర కూర్చుని దాని తాళం తిప్పుతున్నాడు. చప్పుడైతే తిరిగి చూశాను. బండి వెనక్కి పోతోంది… బానెట్ ముందు ఎవరో… తెల్లగా… రెండు చేతులూ…"

"బండి లోపల?"

"ఎవరూ లేరు."

"ఎవరూ లేరు," అని సవేత ఆ మాటని నోట్లో వేసుకుని నమిలినట్టు అంది. "సరే. ఇవాళ రాత్రి నేను పోతున్నా. వీడూ వస్తాడు. నా మొగుడు అక్కడుంటే నా మొహం చూసి చెప్పమంటా. ఉన్నాడని తేలిందా — శనివారం ఆ చువ్వ నేనే పట్టుకుంటా, నేనే దించుతా. లేడని తేలిందా, వాడి గోతిమీద పార వేసినవాడి చెయ్యి నరుకుతా."



"నేనెందుకు వదినా, నాకు జ్వరంగా…"

"వెళ్ళరా," అంది తోదోసియా అవ్వ. "కళ్ళారా చూసినవాడివి నువ్వొక్కడివేగా. మేం ఇక్కడే కూర్చుంటాం."

నికోరా గ్లాసులో మిగిలింది ఒక్క గుక్కలో తాగి లేచాడు. లేచేటప్పుడు సిలువ గుర్తు వేసుకున్నాడు. పాపం, దెయ్యమంటే భయమనుకున్నారు అందరూ.

ఇద్దరూ ట్రక్కెక్కి కొండదారి పట్టారు. దేవదారు చెట్లు దగ్గరపడ్డాయి. లైట్ల వెలుగు ముందు గులకరాళ్ళు తెల్లగా పరిగెత్తుతున్నాయి. కింద ఎక్కడో వాగు… ఆ తర్వాత వాగు చప్పుడు కూడా లేదు.

ఇక్కడ మా బండ్ల సంగతి ఒకటి చెప్పాలి. కొత్త బండ్లలో అయితే మీట నొక్కితే నాలుగు చక్రాలూ పట్టుకుంటాయట. మావి పాత బండ్లు. ముందు చక్రాల బొడ్డు మీద చెరో తాళం ఉంటుంది. బండి ఆపాలి, దిగాలి, మోకాళ్ళ మీద కూర్చుని రెండు చక్రాల తాళాలూ చేత్తో తిప్పాలి. అప్పుడు ఎక్కి చిన్న గేరు లాగాలి. తాళాలు తిప్పకుండా గేరు లాగితే ముందు చక్రాలు ఊరికే తిరుగుతాయి, లాగవు. గులకదారి అయిపోయి బురద మొదలయ్యేది తోపుడు మలుపులోనే. కాబట్టి ప్రతివాడూ ఆగి దిగేదీ అక్కడే.

ఇంకోటి — మా వాళ్ళెవరూ హ్యాండ్ బ్రేకు వెయ్యరు. చలికాలంలో వేశారంటే తెల్లారేసరికి తీగ గడ్డకట్టి, చక్రాలు పట్టేసి, వేడినీళ్ళ కుండలతో కూర్చోవాలి. బండ్లు వచ్చినప్పటి నుంచీ ఆ భయంతో ఎండాకాలంలో కూడా దాన్ని ముట్టుకోరు. ఫస్టు గేరులో పడేస్తారు, దిగిపోతారు.

గవ్రిల్ పద్ధతి ఊరందరికీ తెలుసు. ఇంజన్ ఆపి దిగేవాడు. రెండు తాళాలూ తిప్పి, బొడ్డు చుట్టూ బురద బొటనవేలితో తుడిచి, లేచి బానెట్ మీద వేలి కణుపులతో రెండుసార్లు కొట్టేవాడు — టక్… టక్. లోపలున్నవాళ్ళు అప్పుడే చిన్న గేరు లాగాలి. ఆ చప్పుడు కాకముందు గేరు ముట్టుకుంటే సవేతనైనా తిట్టేవాడు. కుడిచేతి నడిమివేలు కుర్రతనంలోనే రంపం మిల్లులో పోయింది. అయినా ఆ చేత్తోనే కొట్టేవాడు.

మలుపు వచ్చింది.

సవేత బండి ఆపింది. ఫస్టు గేరులో పడేసి ఇంజన్ కట్టేసింది. ఒక్కసారిగా నిశ్శబ్దం చెవుల్ని కప్పేసింది… బండ మీంచి నీటి చుక్క ఒకటి పడింది… ఇంకోటి.

"ఇటు జరుగు," అంది గుసగుసగా. "నా సీట్లో కూర్చో. నేను తాళాలు తిప్పుతా. ఆ రాత్రి గవ్రిల్ ఏం చేశాడో నేనది చేస్తా. చూద్దాం, ఎవరొచ్చి తోస్తారో."

"వదినా, పోదాం పద… నీకు దణ్ణం పెడతా…"

"జరుగు."

ఆమె దిగాక నికోరా జరిగి స్టీరింగు ముందు కూర్చున్నాడు. మనిషి పొట్టి, కాళ్ళు బ్రేకుకి సరిగా అందలేదు. చీకట్లో ఎడమకాలి మడమతో సీటు కింద ఒక్క తాపు తన్నాడు. సీటు కిర్రుమంటూ ముందుకి జరిగి టక్కున కూర్చుంది.

సవేత తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ సీటు జరిగే పట్టీ పాడై ఎన్నాళ్ళో అయింది. చేత్తో లాగితే రాదు, మడమతో తన్నాలి. అది ఈ లోకంలో ఇద్దరికే తెలుసనుకుంది — తనకీ, మొగుడికీ. గవ్రిల్ తన సీట్లో పరాయివాణ్ణి కూర్చోనిచ్చేవాడు కాదు. మరి వీడికి ఎలా తెలిసింది? అంతలోనే ఇంకోటి గుర్తొచ్చింది. గవ్రిల్ పోయాక బండి ఇంటికి తెచ్చి అప్పగించినప్పుడు సీటు స్టీరింగుకి ఆనుకుని ఉంది. ఎక్కబోతే మోకాళ్ళు కొట్టుకున్నాయి. గవ్రిల్ తనకంటే మూరెడు పొడుగు. ఎవరో మెకానిక్కు జరిపాడేమోలే అనుకుంది. మూడేళ్ళు అలాగే అనుకుంది.

ఆమె తలుపు వేసి ముందుకి కాదు, వెనక్కి నడిచింది.

ట్రక్కు తొట్టిలోంచి ఒక దుంగ తీసింది. పొద్దున్నే వేసుకుంది దాన్ని. దనిలా బండి చూసినప్పటి నుంచి ఎక్కడాగినా చక్రం వెనక దుంగ పెట్టడం ఆమె అలవాటు చేసుకుంది. వెనక చక్రానికి జానెడు దూరంలో చప్పుడు కాకుండా నేలమీద పెట్టింది. తర్వాత ముందుకొచ్చి, తాళం తిప్పుతున్నట్టు చక్రం దగ్గర వంగింది. తాళాన్ని ముట్టుకోలేదు. వంగి వింటోంది, అంతే.

నీటి చుక్క… ఇంకో చుక్క…

లోపల నికోరా ఊపిరి వినిపిస్తోంది. చలి, భయం, తాగిన సారా. ఎప్పుడెప్పుడు పోదామా అన్న తొందర. క్లచ్చి తొక్కిన చప్పుడు. ఆ తర్వాత — చిన్న గేరు గరగరమని సగం దాకా వచ్చి ఆగిన చప్పుడు.

ఆమె బానెట్ మీద కొట్టలేదు. వాడు ఆగలేదు.

బ్రేకు మీంచి కాలు తీశాడు.

ముందు ఏమీ కాలేదు. చక్రాలు గాడిలో ఉన్నాయి. బండి ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగింది. తర్వాత… మెల్లగా… ఎవరో ఓపిగ్గా నెడుతున్నట్టు… వెనక్కి కదిలింది.

"తోస్తున్నాడు! వదినా! తోస్తున్నాడు!" నికోరా కేకతో బండ మారుమోగింది.

ముందు చక్రం వంకర తిరిగి, బండి ముక్కు సవేత వైపు ఊగింది. ఆమె వీపు బండకి తగిలింది. గవ్రిల్ వీపు తగిలిన బండే అది. ఇంతలో వెనక ధన్‌మని చప్పుడు. దుంగకి చక్రం ఆని బండి ఆగిపోయింది.

సవేత ఎలా వచ్చిందో, తలుపు ఎలా తెరిచిందో వాడికి తెలీదు. టార్చి వెలుగు కింద పడింది. పెద్ద గేరు ఫస్టులో ఉంది. చిన్న గేరు నడిమధ్య నిలబడి ఉంది.

"గేరులోనే పెట్టా వదినా! చూడు, గేరులోనే…"

"పెద్దది గేరులోనే ఉందిరా. చిన్నది చూడు." ఆమె గొంతు మామూలుగానే ఉంది, అదే వాడికి ఎక్కువ భయమేసింది. "చిన్నది మధ్యలో ఆగితే ఇంజన్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. పెద్దది ఎక్కడ పెట్టినా ఒకటే. ఆవుని కట్టేశాననుకుని తాడు నీ చేతికే కట్టుకున్నట్టు. బండి ఆగి ఉన్నప్పుడు ఒక్కోసారి పళ్ళు కలవక అది సగంలోనే నిలబడుతుంది. అందరూ చేసేది ఇదే. ఒంటరిగా వచ్చినవాడు రెండుసార్లు ఎక్కి దిగడానికి బద్ధకించి ముందే చిన్న గేరు లాగేస్తాడు, తర్వాత దిగుతాడు. పగలైతే లోపల ఇంకోడు బ్రేకు మీద కాలేసి కూర్చుంటాడు. రాత్రయితే ఎవరుంటారు? దెయ్యం ఉంటుంది!"

నికోరా చిన్న గేరు కేసి చూశాడు. "అంటే… నెట్టింది ఎవరూ…"

"ఆ బురద చేతులంటావా? తాళం తిప్పినవాడు ఆ చేత్తోనే బానెట్ పట్టుకుని లేస్తాడు. వాడి గుర్తులే వాడికి. ఇప్పుడు నేనొకటి అడుగుతా. నీకు సీటు తన్నాలని ఎవరు చెప్పారు?"

నికోరా కాలు సీటు కిందికి లాక్కున్నాడు.

"ఒంటేలుకి నిలబడ్డానన్నావు. బండిలో ఎవరూ లేరన్నావు. సీటు నీ కాళ్ళ కొలతకి ముందుకి జరిగి ఉంది. నా ఇంటికి అలాగే తెచ్చారు." ఇప్పుడు లేచింది గొంతు. "ఆ సీట్లో ఎవరున్నార్రా?"

"చలిగా ఉంది వదినా…" వాడు స్టీరింగు మీదకి వాలిపోయాడు. "అన్న ఒక్కో తాళం… నెమ్మదిగా… తుడుచుకుంటూ… నాకు చలి. తొందరగా పోదామని నేనే లాగాను. గేరులోనే పెట్టాను, నిజంగా. కాలు తీసి సారా సీసా కోసం వంగాను. అంతే… అంతే వదినా. నాకూ అర్థం కాలేదు. దెయ్యమే అనుకున్నా. దేవుడి తోడు, దెయ్యమే అని…"

"ఆ చప్పుడు విన్నావా? రెండుసార్లు కొట్టాడా?"

వాడు తల అడ్డంగా ఊపాడు.

ఆమె వాణ్ణి కాలర్ పట్టి కిందికి లాగింది. రెండు చెంపలూ వాయించింది. కొడుతూ ఏడ్చింది, ఏడుస్తూ తిట్టింది. తెలియక చేశావు, పోనీ. తప్పు ఎవరికైనా జరుగుతుంది. కానీ మూడేళ్ళు నా ఇంట్లో మొక్కజొన్న సంకటి తిన్నావు, వదినా వదినా అన్నావు. నీ చేతుల్లో పోయినవాణ్ణి దెయ్యాన్ని చేసి ఊరి మీదికి వదిలావు. ఇవాళ వాడి గుండెలో చువ్వ దించుతారంటే గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నావు! వాడు ఒక్కసారే చచ్చాడురా, నువ్వు రెండోసారి చంపబోయావు.

వాడు కొట్టించుకున్నాడు. 

"పో. ఈ అడ్డదారిన దిగి కొట్టుకి పో. నేను వచ్చేలోపు అవ్వకి చెప్పాలి. నీ నోటితో, అందరి ముందూ. ఒక్క ముక్క మింగావో, ఈ బండే నిన్ను వెతుక్కుంటూ వస్తుంది."

వాడు టార్చి తీసుకుని చెట్లలోకి దిగిపోయాడు. ఆ చిన్న వెలుగు కిందికి, ఇంకా కిందికి పోతూ… ఒక వంపు దాటాక చుక్కంత అయింది.

సవేత ఒక్కతే మిగిలింది.

ఆ మలుపులో బండి తిప్పడానికి చోటు లేదు. పైకి పోయి, మైదానంలో తిప్పుకుని రావాలి. ఆమె దుంగని అక్కడే ఉంచి ఎక్కింది. మడమతో తన్ని సీటు వెనక్కి జరిపింది. ఇంజన్ వేసింది. కళ్ళు తుడుచుకుంది. బ్రేకు, క్లచ్చి తొక్కి చిన్న గేరు మీద చెయ్యి వేసింది. వేశాక గుర్తొచ్చింది — తాళాలు తిప్పలేదు కదా! వంగినట్టు నటించింది గానీ ముట్టుకోనేలేదు.

"నా బుర్ర మండా," అనుకుని ఇంజన్ కట్టేసి, తలుపు మీద చెయ్యి వేసింది.

ముందు చక్రం దగ్గర ఏదో సన్నగా కదిలింది. ఇనుము ఇనుముకి రాసుకున్నట్టు… ఆగింది. బండి ముందునుంచి అవతలి చక్రం దగ్గరికి… మళ్ళీ అదే చప్పుడు.

సవేత చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. కింద దూరంగా నికోరా వెలుగు ఇంకా దిగుతూనే ఉంది.

టక్…

టక్.

ఆమె తల ఎత్తలేదు. అద్దంలోంచి ముందుకి చూడలేదు. ఇంజన్ వేసి క్లచ్చి తొక్కి చిన్న గేరు లాగింది. అది ఎక్కడా ఆగకుండా, గరగరమనకుండా వచ్చి కూర్చుంది. కాలు వదలగానే నాలుగు చక్రాలూ ఒక్కసారి బురదని పట్టుకున్నాయి. ముందు చక్రాలు లాగుతున్నాయి — బండి ముక్కులో ఆ లాగుడు ఆమె అరచేతులకి తెలుస్తోంది. పైకి వెళ్ళింది, మైదానంలో తిప్పింది, కిందికి దిగింది. దారిలో ఎక్కడా కిందికి దిగి చూడలేదు.

సారాకొట్టు ముందు అందరూ వాకిట్లో నిలబడి ఉన్నారు. నికోరా మెట్ల మీద తలకాయ మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. చెప్పేశాడని వాళ్ళ మొహాలే చెబుతున్నాయి. నిన్నటిదాకా చువ్వలు సానపట్టినవాళ్ళు ఇప్పుడు టోపీలు తీసి చేతుల్లో నలుపుకుంటున్నారు.

సవేత దిగింది. కొట్టు దీపం వెలుగు బండి ముందు భాగం మీద పడుతోంది. ఆమె అటు ఒక్కసారి చూసింది… గబగబా నడిచి వెళ్ళి, బానెట్‌కి అడ్డంగా వీపు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏమే పిల్లా," అంది తోదోసియా అవ్వ నేల చూపులు చూస్తూ. "మరి… అక్కడ ఏమీ లేనట్టేనా?"

"ఏముంటుంది? బురద ఉంది."

"నీకేమీ కనబడలేదా? వినబడలేదా?"

"మీ బుర్రలేని మాటలు తప్ప ఈ లోయలో నాకింకేమీ వినబడలేదు. శనివారం పారలు తీసుకుని రండి. గోతి తవ్వడానికి కాదు, ఆ మలుపులో పల్లాన్ని రాళ్ళతో చదును చెయ్యడానికి. వచ్చేటప్పుడు అందరూ హ్యాండ్ బ్రేకులు బాగుచేయించుకుని రండి."

 దనిలా ఊతకర్రల మీద దగ్గరికొచ్చి, వంగి ముందు చక్రం చూశాడు.

"అక్కా, తాళాలు విప్పడం మరిచిపోయావు. వేసే ఉన్నాయి."

"తెలుసు," అంది సవేత. "నేనే వేశాను. ఇంటికెళ్ళాక విప్పుతాలే, నువ్వెళ్ళి పడుకో."

ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. చలి కొరుకుతోంది. అవ్వ వెళుతూ వెళుతూ లోపలికొచ్చి పొయ్యి దగ్గర కూర్చోమంది. వద్దంది. సవేత బానెట్ దగ్గర్నుంచి కదల్లేదు. ఆఖరి తలుపు మూసుకుని, ఆఖరి దీపం ఆరి, కొట్టు గుమ్మం మీది బల్బు ఒక్కటే మిగిలేదాకా కదల్లేదు.

అప్పుడు పక్కకి తప్పుకుంది.

బానెట్ మీద, వాలుకి, తడి బురద గుర్తులు రెండు. అరచేతులు కావు. వేలి కణుపులు. పక్కపక్కనే రెండుసార్లు — ప్రతిదాంట్లో నడిమివేలి చోటు ఖాళీ.

సవేత చుట్టూ చూసింది. తలకి కట్టుకున్న రుమాలు విప్పి, ఉమ్మి తడిచేసి, ఒక గుర్తు గబగబా తుడిచేసింది. రెండోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. దానిమీద వేళ్ళు ఆనించి కాసేపు అలాగే ఉంది. అది ఇంకా చల్లగా, మెత్తగా ఉంది.

"తెలివిలేనివాడా," అంది పళ్ళ బిగువున, కళ్ళ నీళ్ళు కారుతుంటే. "ఎవరైనా చూస్తే నిన్ను తవ్వి తీయరూ?"

అంది — రెండోదీ తుడిచేసింది.